మా అమ్మాయికి పూలజడ చేయించాం

మా అమ్మాయి జుట్టు వాళ్ల నాన్నది. ఆయన అట్లాంటాలో పుట్టి పెరిగిన నల్లజాతి అమెరికన్. నేను గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినదాన్ని. పిల్ల జుట్టు గట్టి రింగులు తిరిగి, దువ్వెన పళ్లు విరిగేంత ఒత్తుగా, కిందికి కాక పైకి పెరుగుతుంది.

అట్లాంటా పక్కనే అల్ఫారెట్టాలో మనవాళ్ల గుడికి వెళితే ప్రసాదం కన్నా ముందు సలహాలు పెడతారు. "నూనె పెట్టరాండీ?" అని ఒకావిడ. ఇంకొకావిడ అడక్కుండానే దాని తలలో చెయ్యి పెట్టి, నొక్కి చూసి, "మెత్తగానే ఉందే" అంది. మూడో ఆవిడైతే, "తిరుపతిలో ఒక్కసారి గుండు చేయించండి, మళ్లీ సాఫీగా వస్తుంది" అని తేల్చేసింది. మా ఆయన పదేళ్లుగా వారం వారం గుండు గీసుకుంటున్నాడు. సాఫీగా వచ్చిన వెంట్రుక ఇంతవరకూ ఒక్కటీ లేదు.

అన్నిటికీ నవ్వి ఊరుకునేదాన్ని. అది మర్యాద అనుకున్నాను.

దానికి పదమూడు రాగానే ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. నడుం దిగేంత పూలజడ చేయించాం. పూలజడ కట్టాలంటే కింద జడంటూ ఒకటి ఉండాలి కదా. అందుకని పిల్లకి చెప్పకుండా స్ట్రెయిటెనింగ్‌కి అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. కార్‌లో కూర్చున్నాక చెబితే, అది సీట్‌బెల్ట్ తీసేసింది.

"నా హెయిర్ అంటే నీకు సిగ్గా, అమ్మా?"

"ఛ, అదేం లేదే. పూలజడ కోసం, ఒక్క రోజే."

"ఆంటీలు టచ్ చేస్తే నువ్వు ఏం అనవు. స్మైల్ చేస్తావు. నేను ఎప్పుడూ చూస్తా."

నిజం చెప్పినందుకు దాని మీద కోపం వచ్చింది. అక్కడే కూర్చుని అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశాను.

ఫంక్షన్ రోజు అది తన జుట్టు తనే నిండుగా విప్పుకుని, చుట్టూ రెండు మూరల మల్లెపూలు పెట్టుకుంది. పూలజడ డబ్బాలోనే మిగిలింది. మా అమ్మకి ఏదైనా వృథా అయితే ప్రాణం ఒప్పదు. "అన్ని పూలు పారబోస్తామా? నువ్వు కూర్చో" అని నాకు కట్టింది. నా జుట్టు ఏనాడో పలచబడింది కాబట్టి, సవరం పెట్టి మరీ కట్టింది. నలభై నాలుగేళ్లకి నేను పూలజడతో హాల్లో తిరిగాను.

గుండు సలహా ఇచ్చినావిడ అక్షింతలు వెయ్యడానికి వచ్చింది. "అదేంటమ్మా, నీ పూలజడ ఏదీ?"

"అమ్మకి ఇచ్చేశాం, ఆంటీ. తనకే కావాలి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ కూడా నవ్వుతూ, అక్షింతలున్న చేతిని తిన్నగా దాని జుట్టులోకి పోనిచ్చింది. పిల్ల ఆ చెయ్యి వంక చూడలేదు. నా వంక చూసింది.

"దాన్ని అడిగి ముట్టుకోండి" అన్నాను. ఈసారి నవ్వలేదు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్షింతలు పిల్ల భుజం మీద పడ్డాయి.