పడని గోడ

2023 జనవరి, ఆదివారం సాయంత్రం. అబుదాబి దగ్గరి రువైస్, మా క్వార్టర్ల వెనక హాలు. హాజరైనవారు: పక్కింటి దక్షిణాఫ్రికా పెద్దాయన (చిత్రకారుడు, నాటక రచయిత కూడా ఆయనే), తండ్రి వేషంలో జగిత్యాల వైపు వడ్రంగి మేస్త్రి, తల్లి వేషంలో పెద్దాయన ఇంట్లో పనిచేసే కోనసీమ ఆవిడ, తెర పక్క నుంచి మాటలు అందించడానికి నేను. చూడవచ్చిన తెలుగువాళ్లు హాలు నిండా.

ఆ రోజు నా డైరీ పై మాటలతో మొదలైంది.

పెద్దాయన కూతురూ మా అమ్మాయీ రిఫైనరీలో ఇంజనీర్లు. ముసలివాళ్లం ఇద్దరం సాయంత్రం నడకలో కలిశాం. వాళ్లుండే పేటలో ఇక తెల్లవాళ్లే ఉండాలని, ఆయన ఏడో ఏట అక్కడి ప్రభుత్వం వాళ్ల ఇల్లు కూల్చేసిందట. ఆ వారమే అట్టపెట్టె మీద బొగ్గుతో ఆ ఇంటి బొమ్మ వేశాడట. పెద్దయ్యాక దుకాణాలకు బోర్డులు రాశాడు, చర్చి హాళ్లలో నాటకాలాడించాడు. మొదటి నాటకం ఆ ఇంటి గురించే. ఎక్కడ ఆడినా రంగస్థలం మీది ఇంటి గోడకు రంగు తనే వేస్తాడు. చివర్లో ఆ గోడ కూలుతుంది.

వచ్చే నెల స్వదేశం వెళ్లిపోయేలోగా ఇక్కడొకసారి ఆడించాలన్నది ఆయన కోరిక. తెలుగు చేసే పని నాది.

"గోడ పడకపోతే నా నాటకం లేనట్టే," అని ఆయన నాతో పదిసార్లు అన్నాడు. చెక్కతో ఆ గోడ చేసిందీ, చివర్లో చాటుగా తాడు లాగి పడెయ్యాల్సిందీ మేస్త్రే కనక నేను అతనికి పదిసార్లు చెప్పాను.

చివరి ఘట్టం వచ్చింది. మేస్త్రి తాడు లాగాడు. గోడ కదల్లేదు.

"లాగు!" అన్నాను తెర పక్క నుంచి.

"లాగుతున్న సార్, పడ్తలేదు!"

"గట్టిగా లాగండి బాబూ, అది పడితేగానీ నేను ఏడవకూడదు," అంది కోనసీమ ఆవిడ. ముందు వరుసకు వినిపించి నవ్వులు మొదలయ్యాయి.

మేస్త్రి తాడు కింద పారేశాడు. జనం వైపు తిరిగి, నేను రాయని మాటలు అందుకున్నాడు. "లారీ తెచ్చుకో, మిషన్ తెచ్చుకో. ఇది నా చేతుల గోడ. పడది!"

హాలంతా ఈలలు. పెద్దాయన మొహం చేతుల్లో దాచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని పరుగెత్తాను. నవ్వుతున్నాడు.

"ఏమయ్యా, ఇంత పని చేశావు?" అన్నాను మేస్త్రితో.

"పొద్దుగాల చూస్తె ఊగుతుండె సార్. ముంగట పిల్లలు కూసుంటరు గదా. వెనక రెండు సపోర్టులు గొట్టిన. తాడు లాగినంక అవి గూడ ఊడుతయనుకున్న. మా చేతి పని ఊగితె మనసొప్పది."

మర్నాడు ఆరున్నరకే పెద్దాయన మా తలుపు తట్టాడు. చేతిలో నాటకం రాతప్రతి. మేస్త్రి అన్నది డైరీలో రాశానా అని అడిగాడు. రాశాను. ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పించుకుని, చివరి పేజీ అడ్డంగా కొట్టేసి, కింద ఆ మాటలు రాసుకున్నాడు.

అంతలో హాలు వైపు నుంచి సుత్తి దెబ్బలు. సైటు బస్సు వచ్చేలోగా గోడ విప్పాలని మేస్త్రి, మరో ఇద్దరు చెమటలు కక్కుతున్నారు. మేం కాఫీ తాగడం అయిపోయింది. గోడ ఇంకా నిలబడే ఉంది.

"ఇదీ రాయండి," అన్నాడు పెద్దాయన.