గోడ ఇవ్వనన్నాను

రేపు పొద్దున పార్టీ పెద్దన్న ఎన్నికల రాతలకు గోడ అడగడానికి వస్తాడని చెప్పి మా ఆయన పడుకున్నాడు. బిడ్డ కూడా నిద్రపోయింది. నాకు మాత్రం కంటి మీద కునుకు లేదు. పోయిన ఎన్నికలప్పుడు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలనిపించింది. ఎందుకంటే ఆ సంగతి ఇప్పటికే మా పేటలో రకరకాలుగా తిరుగుతోంది. ఒకరు చెప్పేదాంట్లో నేను పెద్దన్న నెత్తిన సున్నం బకెట్టు కుమ్మరించాను కూడా. అది జరగలేదు.

మా ఇంటికి రోడ్డు వైపు ఒక గోడ ఉంది. తిరుపతి నుంచి కరకంబాడి వైపు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు అది కనబడి తీరుతుంది. మట్టిగోడ. ఎర్రమన్నుతో అలికి, దాని మీద సున్నంతో మూరెడేసి అక్షరాలు: "వేసుకున్న గుడిసెకు పట్టా ఇవ్వాలి." మా ఆయన చేతిరాతే. నేనప్పుడు నిండు నెలలతో గడపలో కూర్చుని, ఆ గుడి వంకరపోయింది, ఈ కొమ్ము పొట్టిదైంది అంటుంటే, బీయే చదివినదాన్ని చేసుకుంటే ఇట్లనే ఉంటుందని నిచ్చెన మీద నుంచే నవ్వాడు.

ఈ నేల సర్కారు పోరంబోకు. ఒకప్పుడు అంతా ముళ్లకంప. పార్టీవాళ్లు ఎర్రజెండా నాటి, కంప కొట్టించి, తాడు పట్టి ఇంటికింత చోటని కొలిచి ఇచ్చారు. రాళ్లు కొట్టేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, కొండకు వచ్చేవాళ్ల మూటలు మోసేవాళ్లు గుడిసెలు వేసుకున్నారు. బస్సు డిపోలో మెకానిక్కు పని చేసే మా ఆయన కూడా ఒకటి వేసుకున్నాడు. మా నాయన దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. గుడి వీధుల్లో పుట్టి, నామం పెట్టుకునే ఇంట్లో పెరిగి, రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకుని నేను ఈ గుడిసెకు వచ్చాను. ఎవరో తరిమితే రాలేదు. నచ్చి వచ్చాను.

బిడ్డ పుట్టాక మాత్రం భయం పట్టుకుంది. రోడ్డు మీద జీపు చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి బిడ్డను ఎత్తుకుంటాను. ఉయ్యాల మా నడింటి దూలానికి కట్టి ఉంది. నా పాత చీరే. గుడిసెలు ఖాళీ చేయమని ఎవరైనా వస్తే, ముందు ఆ చీర ముడి విప్పుకోవాలా, పొయ్యి మీది గిన్నె దించుకోవాలా అని పట్టపగలు కూర్చుని ఆలోచించిన రోజులున్నాయి. పట్టా అంటే నాకు అదే. ఆ ముడి విప్పనక్కరలేకపోవడం.

పెద్దన్న మా పార్టీ శాఖకు కార్యదర్శి. నగరి వైపు నేతపని చేసి, మగ్గం మానేసి పార్టీ పనిలో పడ్డ మనిషి. గోడల విషయంలో ఆయనది ఒకటే పద్ధతి. గోడ మీద రాయాలంటే ఇంటి ఆడమనిషిని అడగాలి. మగవాడు సరేనన్నా చాలదు. అలికేది ఆమె గనక గోడ ఆమెది. వెనక ఒక ఎన్నికల్లో కుర్రవాళ్లు పండగకు అలికిన గోడ మీద చెప్పకుండా రాసేస్తే, ఆ ఇంటామె తిట్టిన తిట్లకు ఆ వీధి వీధంతా పార్టీకి దూరమైందట. అప్పటి నుంచి గోడ అడగడానికి ఆయనే వస్తాడు. గడప బయట చెప్పులు వదిలి నిలబడి, "అమ్మా, గోడ అడగను వచ్చినా" అంటాడు. ఆమె తలూపేదాకా కుంచె తడపనివ్వడు. మా ఆయనకు పార్టీ మీద గురి కుదిరింది ఆ ఒక్క పద్ధతి చూసేనంటాడు. నాక్కూడా అంతే.

పోయిన మునిసిపాలిటీ ఎన్నికల నాటికి ఎక్కడ చూసినా కొత్త పార్టీ గాలి. మైకు వినిపిస్తే జనం అన్నం ముందు నుంచి లేచి పోతున్నారు. ఒక సాయంత్రం మా ఇంటి ముందు చాప పరుచుకుని శాఖ సమావేశం పెట్టుకున్నారు. నేను మెంబరును కాను. బిడ్డను చంకలో వేసుకుని టీ గ్లాసులు అందిస్తూ గడపలో నిలబడి విన్నాను.

పెద్దన్న చెప్పింది తెలివితక్కువ మాటేం కాదు. మనకు గుడిసెల ఓట్లు తప్ప వేరే ఓట్లు రావడం లేదన్నాడు. బడి అయ్యవార్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, అంగళ్లవాళ్లు, అటు పెద్దలూ కాక ఇటు మనమూ కాక నడిమిన ఉన్నవాళ్లు మనల్ని చూసి జడుస్తున్నారన్నాడు. దేవుడి దర్శనానికి వచ్చేవాళ్ల దారిలో ఈ గుడిసెలేమిటని వాళ్లకు కంటగింపు. కాబట్టి ఈసారి ఎన్నికలు అయ్యేదాకా పట్టా మాట ఎత్తవద్దు. కాలువలు, లైట్లు, నీళ్లు, ఇవే మాట్లాడదాం. గోడల మీద కూడా పాత మాట చెరిపి "అందరి ఊరు, అందరి బాగు" అని రాద్దాం.

"గెలవకుండా పట్టా యాడనుంచి తెస్తామప్పా? ముందు కౌన్సిల్ లోపలికి పోదాం. పోయినాక అడగతాం" అన్నాడు.

చాలామంది తలలూపారు. నేను గడపలోంచే అడిగాను, లోపలికి పోయాక అక్కడి వాళ్లంతా కలిసి ఈ గుడిసెలు తీసేయమంటే అప్పుడేం చేస్తారని. పెద్దన్న టీ గ్లాసు కింద పెట్టాడు. వేరే చోటు చూపిస్తే అప్పుడు ఆలోచించవచ్చునన్నాడు. ఎక్కడో చెప్పలేదు. చెప్పనవసరం లేదు. రేణిగుంట అవతల రాళ్లగుట్టల పక్కన నీటి చుక్క లేని చోటొకటి చూపిస్తారని అప్పటికే ఊళ్లో అనుకుంటున్నారు. అప్పటికింకా నడవని బిడ్డను చంకలో పెట్టుకుని నేను ఆ గుట్టల దగ్గర నిలబడినట్టే అనిపించింది.

ఆ మాటే మా ఆయనతో అంటే, "నాకూ నచ్చలా. అయినా తీర్మానం అయిపోయినాక లోపల ఏమనుకున్నా బయట ఒకటే మాట" అన్నాడు. ఆయనకు పార్టీ క్రమశిక్షణ. నాకు లేదు.

నన్ను మా పుట్టింటి వీధికి పంపాలన్నది కూడా పెద్దన్న ఆలోచనే. నేను అక్కడ పుట్టిన పిల్లను, నా మాట వింటారని. వెళ్లనని అప్పుడే అనగలిగేదాన్నే. కానీ నిజంగా ఆ మాటలకు వాళ్లు కరుగుతారేమో చూద్దామని నాకూ ఉండింది. కరిగితే నా భయం తప్పే అవుతుంది కదా.

బిడ్డను ఎత్తుకుని ఆ వీధిలో గడప గడపకూ తిరిగాను. మంచినీళ్లిచ్చారు. బిడ్డ బుగ్గలు పుణికారు. నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన అయ్యవారు నేను చెప్పిందంతా విని, బాగానే ఉందమ్మా, పొద్దున కొత్త పార్టీవాళ్లు కూడా సరిగ్గా ఇవే చెప్పి వెళ్లారు, మరి వాళ్లకు కాక మీకెందుకు వెయ్యాలి అన్నారు. వెక్కిరింత కాదు. నిజంగానే అడిగారు. పట్టా మాట తీసేశాక మాకూ వాళ్లకూ తేడా జెండా రంగే.

చివరికి మా ఇంటికి వెళ్లాను. "ఓట్లడగడానికన్నా అమ్మ గుర్తొచ్చింది" అంటూ మా అమ్మ బిడ్డను లాక్కుంది. నాయన ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. అరుగు మీద కూర్చుని నా మాటలన్నీ విన్నాడు.

"పట్టాల సంగతి వదిలేసినారా?" అన్నాడు.

"ఈసారికి మాట్లాడటం లేదు నాయనా."

"మరి నీ ఇల్లు?"

ఆయన తువ్వాలు తీసుకుని కాళ్లు తుడుచుకున్నాడు. మా గుడిసెను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. బస్సులో పోతూ ఆ గోడ చదివాడని మాత్రం అమ్మ ఒకసారి చెప్పింది.

"నేను మీ పార్టీకి ఏనాడూ వెయ్యలేదు. ఇప్పుడూ వెయ్యను. నీకూ తెలుసు" అన్నాడు. "అయినా ఇన్నాళ్లూ మీవాళ్లు ఏమంటారో నాకు తెలుస్తా ఉండేది. ఈ పొద్దు మా ఓట్ల కోసం మిమ్మల్ని వదిలినారు. రేపు ఇంకొకరి ఓట్ల కోసం మమ్మల్ని వదలరా?"

తరవాత బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, బిడ్డ దగ్గుతా ఉందే, నీళ్లు కాచి తాపుతున్నావా అని అడిగాడు. ఇంక రాజకీయం ఎత్తలేదు. తిరిగి వస్తూ బస్సులో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరికోసం మేము గొంతు తగ్గించుకున్నామో వాళ్లే ఆ తగ్గిన గొంతును నమ్మడం లేదు.

ఇదంతా పెద్దన్నకు చెప్పాను. ఒకరిద్దరి మాట పట్టుకుని ఊరంతా ఇంతేననుకోకూడదమ్మా అన్నాడు. అది కూడా నిజమే. అందుకే వాదించలేదు. ఇంటికొచ్చి గోడ చూశాను. అయ్యవారికి చెప్పవలసిన జవాబు దాని మీదే ఉంది.

రెండు రోజులకు వాళ్లు వచ్చారు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే. పెద్దన్న ముందు, ఆయన వెనక ఇద్దరు. అందులో సున్నం బకెట్టు పట్టుకున్నది మా ఆయన. డ్యూటీకి ముందు పార్టీ పని ఉందని వెళ్లిన మనిషి, సొంత ఇంటి ముందుకే బకెట్టుతో వచ్చి పరాయివాడిలా నిలబడ్డాడు. నేను బిడ్డకు పాలు పట్టిస్తున్నాను. పెద్దన్న అలవాటు ప్రకారం చెప్పులు వదిలాడు.

"అమ్మా, గోడ అడగను వచ్చినా."

"ఇవ్వను పెద్దన్నా."

ఆయనకు వెంటనే అర్థం కాలేదనుకుంటాను. తలూపబోయి ఆగిపోయాడు.

"మీ ఆయన బకెట్టు పట్టుకోనుండాడు. నువ్వు వద్దంటాండావా?"

"ఆయన మీ మెంబరు. నేను ఇంటామెను. ఎవరినడగాలో మీరే కదా నేర్పించింది."

పక్కింట్లో, పేటంతా అత్త అని పిలిచే రాళ్లు కొట్టే ఆమె ఉంటుంది. సుత్తి భుజాన వేసుకుని పనికి బయల్దేరబోతూ ఈ మాటలు విని ఆగిపోయింది. మా ఆయన బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఓడిపోతామ్మా" అన్నాడు పెద్దన్న. గొంతులో కోపం లేదు. ఎన్ని ఎన్నికల్లో ఓడిపోయాడో ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. ఒక్కసారి గెలవాలని ఆయనకు ఉండటం తప్పు కాదు. ఆ సంగతి నాకప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

"ఓడిపోదాం పెద్దన్నా. ఓడిపోయినా ఈ మాట ఉంటుంది, మళ్లీ అడగవచ్చు. మనమే చెరిపేసి గెలిస్తే, తరవాత అడిగేదానికి మనకే నోరు రాదు. రేపు ఎవరో వచ్చి లేవమంటే ఈ ఉయ్యాల నేను యాడ కట్టుకునేది?"

బిడ్డ ఉలిక్కిపడి పాలు వదిలేసింది. అయినా నేను గడపలోంచి కదల్లేదు.

పెద్దన్న గోడ వైపు చూశాడు. ఆయన తలచుకుంటే నాలుగు నిమిషాల పని. ఎవరూ అడ్డుపడేవాళ్లు కాదు. కానీ అడిగి కాదనిపించుకున్న గోడ మీద చెయ్యి వేయడం ఆ మనిషికి చేతకాదు. చెప్పులు తొడుక్కుని పక్కింటి ముందుకు వెళ్లి మళ్లీ చెప్పులు వదిలాడు. అత్త ఆయన్ను నోరు తెరవనివ్వలేదు.

"నన్ను అడగొద్దప్పా. మేం ఈడ గుడిసెలు ఏసుకున్నంక వచ్చిన మాట అది. మేం పోయినంక పోతాది" అంది. సుత్తి భుజం మార్చుకుని పనికి వెళ్లిపోయింది.

ఆ వరసలో ఇంకో నాలుగైదు ఇళ్లు కూడా ఇవ్వలేదు. కొందరిచ్చారు. ఆ గోడల మీద "అందరి బాగు" వచ్చింది. మిగిలిన సున్నం మా ఇంటి పక్కనే దించి వాళ్లు వెళ్లిపోయారు. సాయంత్రం నేను ఆ సున్నంతోనే మా గోడ మీద మాసిన అక్షరాలు దిద్దాను. మా ఆయన కుంచె ముట్టుకోలేదు. తీర్మానం తీర్మానమే. కానీ దిద్దే ముందు నేను బిడ్డను పడుకోబెట్టి వచ్చేసరికి సున్నంలో తుమ్మబంక కలిపి ఉంది. బంక కలిపితే వానకు కూడా అంత సులభంగా పోదు. ఎవరు కలిపారని నేను అడగలేదు.

మేము ఓడిపోయాం. మా వార్డే కాదు, ఊరంతా. గుడి వీధుల ఓట్లు రాలేదు. మా పేటలో గోడలు ఇవ్వనందువల్లే నడిమివాళ్లు జడుసుకున్నారని పార్టీలో కొందరు ఇప్పటికీ అంటారు. కావచ్చు. కాదని నిరూపించడం నా వల్ల కాదు. కానీ గెలుపు కోసం ముందుగా వదులుకోవలసింది ఎప్పుడూ మా ఇల్లే ఎందుకు కావాలో, అట్లా అనేవాళ్లలో ఒక్కరూ నాకు చెప్పలేదు. వాళ్లలో చాలామందికి సొంత మిద్దెలున్నాయి. నడిమికి జరగడం వాళ్లకు మాట మార్చుకోవడం. మాకు చోటు మార్చుకోవడం.

పట్టా ఇంకా రాలేదు. మొన్న రెవెన్యూవాళ్లు గొలుసు పట్టుకుని కొలవడానికి వస్తే ఆడవాళ్లమంతా ఆ గోడ ముందు నిలబడ్డాం. ఎవరు నిలబడమన్నారని వాళ్లు అడిగారు. అత్త గోడ చూపించింది. ఆ రోజుకు వెళ్లిపోయారు. మళ్లీ వస్తారు. జీపు చప్పుడు వింటే నేను ఇంకా పని వదిలేసి బిడ్డను ఎత్తుకుంటాను. బిడ్డ ఇప్పుడు నడుస్తోంది, ఉయ్యాల చాలడం లేదు. అయినా విప్పలేదు.

మళ్లీ ఎన్నికలంటున్నారు, ఈసారి అసెంబ్లీకి. పార్టీలో మళ్లీ అదే చర్చ. ఏం తేలిందని అడిగితే మా ఆయన బయటికి చెప్పకూడదన్నాడు. రేపు పెద్దన్న వస్తాడు, గడప బయట చెప్పులు వదులుతాడు, గోడ అడుగుతాడు. నేను ఇవ్వనని అనను. ఏం రాస్తారో ముందు చెప్పమంటాను.