టీ ట్రీ నూనె, నేను కోయించిన నాలుగు లైన్లు

నారాయణగూడ చౌరస్తాలో మా ఆవిడ సుశీల ఎడమకాలి చెప్పు జారిపోయింది. ఆమెకు తెలియలేదు. పది అడుగులు నడిచాక వెనక నుంచి పూలమ్మే ఆమె కేకేసింది. "ఓ అక్కా, ఒక్క చెప్పు ఇడిసి పోతే నేనేం జేసుకోవాలె? రెండోది గూడ ఇచ్చిపో."

ముగ్గురం నవ్వుకున్నాం. కాలుతున్న తారు రోడ్డు మీద ఉత్త కాలితో నడిచినా ఆమెకు ఎందుకు తెలియలేదని నేను అడగలేదు. నాది ఇతరుల రాతల్లో తప్పులు పట్టే ఉద్యోగం. దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. అశోక్‌నగర్‌లో మా అద్దె ఇంటి పెరట్లో నీళ్లు నిలిచేవి. బట్టలూ గిన్నెలూ అక్కడే. సుశీల ఎడమ చిటికెనవేలి సందు తెల్లగా నాని, పొట్టు లేచి, పగిలింది.

ఆమె బీరువా తలుపు లోపల మా పేపరు ముక్క ఒకటి అంటించి ఉంది. అది నేను రాసిందే. ఏడాది ముందు, ఆదివారం అనుబంధానికి మేటరు తగ్గితే, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని రెండు ఇంగ్లిషు పుస్తకాలు తిరగేసి టీ ట్రీ నూనె మీద ఒక వ్యాసం తయారుచేశాను. మనం తాగే తేయాకుకూ దీనికీ సంబంధం లేదని, ఆస్ట్రేలియాలో పెరిగే ఒక చెట్టు ఆకులకు ఆవిరి పట్టించి తీస్తారని, కర్పూరమూ నీలగిరి తైలమూ కలిసినట్టు వాసన వస్తుందని రాశాను. మొటిమలకు, చుండ్రుకు, కాలివేళ్ల సందుల్లో పట్టే ఫంగస్‌కు పనిచేస్తుందనీ రాశాను. అందులో అబద్ధం లేదు.

హిమాయత్‌నగర్‌లో ఒక షాపులో చిన్న గోధుమరంగు సీసా దొరికింది. ఇంటికి తెచ్చిన రోజు సుశీల అడిగింది.

"దీన్ని ఇలాగే రాయాలా, దేంట్లోనన్నా కలపాలా? మీ వ్యాసంలో ఏమీ లేదే."

నేను పేపరులోంచి తలెత్తలేదు. "లేదంటే అక్కర్లేదనే. ఉంటే రాసేవాణ్ణిగా."

రోజూ పొద్దున ఆ నూనెలో దూది తడిపి వేలి సందున పెట్టి, పైన ప్లాస్టర్ వేసుకునేది. ఒకసారి మండుతోందా అని అడిగాను. "ఏమీ లేదండీ" అంది. మంట లేదంటే పడుతోందనే అనుకున్నాం. పై వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మెట్ల మీద నుంచి వేళాకోళం చేసింది. "ఏంది సుశీలమ్మా, రోజూ కర్పూరం వాసనొస్తుంది. పూజ మీకేనా, మాకు ప్రసాదం లేదా?"

తొమ్మిదో రోజు ప్లాస్టర్‌తో పాటు చర్మం ఊడి వచ్చింది. రెండు రోజుల్లో ఎరుపు పాదం మీదికి పాకింది. చలిజ్వరం. ఆటోలో బర్కత్‌పురలో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాను.

డాక్టరు పెన్ను మొనతో ఆమె అరికాలు నొక్కాడు. "తెలుస్తోందా అమ్మా?"

"ఏమిటండీ?" అంది సుశీల.

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని బ్లడ్ షుగర్ చేయించాడు. మూడు వందలు దాటింది. షుగర్ ఉందని మాకు అప్పటిదాకా తెలియదు.

"డయాబెటిక్ న్యూరోపతీ. నరాలు మొద్దుబారాయి" అన్నాడు. "నూనె నేరుగా రాసి కట్టేశారు. చర్మం కాలింది. దాని మీద ఇన్ఫెక్షన్ చేరి చర్మం లోపలికి పాకింది, సెల్యులైటిస్ అంటాం. మామూలు మనిషికైతే మండుతుంది, తుడిచేసుకుంటాడు. ఈమెకు మంట తెలియకపోవడమే జబ్బు సార్. ఇంతకీ ఎవరు రాయమన్నారు?"

సుశీల నా వైపు చూడలేదు. "పేపర్లో పడిందండీ."

"ఆ రాసినవాణ్ణి తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి."

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చునే ఉన్నాను.

ఇన్సులిన్, యాంటీబయాటిక్ డ్రిప్. ఐదో రోజుకు ఎరుపు తగ్గింది. ఇంటికి వెళ్లొచ్చనుకున్నాం. ఎనిమిదో రోజు చిటికెనవేలు నల్లబడింది. "గ్యాంగ్రీన్. వేలు చచ్చిపోయింది, తీసేద్దాం. ఆలస్యమైతే పాదమే తీయాల్సి వస్తుంది" అన్నాడు డాక్టరు. కన్సెంట్ కాగితం ఇచ్చారు. దాన్ని మాత్రం చివరి లైను దాకా చదివి సంతకం పెట్టాను.

వేలు తీసి ఇంటికి పంపాక ఒక మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లి పాత కట్టల్లోంచి నా రాతప్రతి తీశాను. చివర నాలుగు లైన్లున్నాయి. 'ఈ నూనెను నేరుగా వాడరాదు. కొబ్బరినూనె లాంటిదానిలో కొన్ని చుక్కలే కలిపి, ముందుగా మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడాలి. షుగర్ ఉన్నవారు కాళ్లకు డాక్టరును అడగకుండా రాయరాదు. కడుపులోకి పోతే విషం.'

పేజీలు అతికించే యాదగిరిని అడిగాను, ఇవి ఏమయ్యాయని.

"ఆ రోజు యాడ్ వచ్చింది గద సార్. నాలుగు లైన్లు ఎక్కువున్నయంటే, కింద నుంచి కొయ్యి అని మీరే అన్నరు. నేను బ్లేడుతోని కోసిన."

మా పనిలో ఎప్పుడూ కింద నుంచే కోస్తాం. వార్తలో ముఖ్యమైనది పైన ఉంటుంది, పోయినా ఫరవాలేనిది కింద. మందు గురించి రాసినప్పుడు జాగ్రత్తలన్నీ కిందే ఉంటాయని, అన్నేళ్ల అనుభవంలో నాకు తట్టలేదు.

సవరణ వేద్దామని ఆదివారం అనుబంధం ఇన్‌ఛార్జిని అడిగాను. "ఏడాది దాటింది. ఇప్పుడెవరికి గుర్తుంటుంది? లేనిపోని ఉత్తరాలొస్తాయి" అన్నాడు. నేను రెండోసారి అడగలేదు. ఆ వ్యాసం ఇంకా ఎన్ని బీరువాల్లో అంటించి ఉందో నాకు తెలియదు.

ఇంటికొచ్చి సుశీలకు అంతా చెప్పాను. కాలి కట్టు సర్దుకుంది. "కోసేశారంటే పనిలో కోశారు. ఇంట్లో నేను అడిగాను కదండీ, దేంట్లోనన్నా కలపాలా అని" అంది.

ఇప్పుడు ఆమె షుగర్ ఉన్నవారికని చేసే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వేసుకుని నడుస్తోంది, కొంచెం కుడివైపు ఒరిగి. షుగర్ అదుపులో ఉంది. రోజూ స్నానమయ్యాక పాదాలు తుడిచి, సందులు ఆరబెట్టి, అరికాళ్లు నేను చూస్తాను. బీరువా తలుపు మీది వ్యాసం కింద ఆ నాలుగు లైన్లూ బాల్‌పెన్నుతో రాసి పెట్టాను.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. కాలి నుంచి చెప్పు జారినా తెలియకపోతే, పుండు మీద ఏది రాసినా మండకపోతే, ఏ నూనె కూడా రాయకుండా ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.

సుశీల ఇప్పటికీ పొద్దున్నే పేపరు చదువుతుంది. అందులో ఏదైనా అర్థం కాకపోతే పై వాటాకు వెళ్లి ఓనరమ్మను అడిగి వస్తుంది. నన్ను అడగదు.