ఢిల్లీ వెళ్లొచ్చిన డ్రైను పలక

తన మీద తానే రాష్ట్రపతికి ఫిర్యాదు రాసుకుని, దాని మీద తానే విచారణ జరిపి, తానే దోషి అని తేల్చి, కింద సంతకం పెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఫొటో వేయడం లేదు కాబట్టి ఊహించుకోండి: ముప్పై లోపు వయసు, చంకలో పాలిటీ పుస్తకం, ముఖంలో కాబోయే డిప్యూటీ కలెక్టరు కళ.

అప్పట్లో నేను విజయవాడలో, ఆటోనగర్ వైపు ఒక వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శిని. పేరు చూసి కంగారు పడకండి. వార్డులో రోడ్లు, డ్రైన్లు చూసుకునేవాడని అర్థం. ప్రొబేషన్ పూర్తి కావచ్చింది. ఉద్యోగం ఖాయం చేసే ఫైలు కమిషనర్ గారి ఆఫీసులో ఉంది. సంతకం పడితే పర్మినెంటు, పడకపోతే కైకలూరు వెళ్లి మా బాబాయి చేపల చెరువుకి మేత వేసుకోవడమే. ఆ సంతకం పడాలంటే నా మీద ఒక్క ఫిర్యాదు కూడా ఉండకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను పెట్టుకోలేదు.

నేను అద్దెకుండేది ఎలిజబెత్ టీచరు గారింట్లో, మేడ మీద గదిలో. ఆవిడ రిటైరై పదేళ్లు దాటింది, రెండు మోకాళ్లూ మొరాయిస్తాయి. ఇంటి గేటు ముందు డ్రైను మీదుండే సిమెంటు పలక విరిగిపోయింది. ఆవిడ దాని మీద ఒక చెక్క వేసుకుని, గేటు పట్టుకుని, దేవుణ్ని తలుచుకుని దాటుతుండేవారు. నాకు వచ్చిన కష్టం ఏమిటంటే, బైకు లోపలికి రాదు. అందుకని రెండు వీధులవతల మా ఆఫీసు వెనకాలే పెట్టి నడిచి వచ్చేవాణ్ని.

"బాబూ ప్రసాదూ, మన పలక సంగతి ఏమైంది?" అని ఆవిడ వారానికోసారి అడిగేవారు.

"ఫైలు పైన ఉందండీ," అనేవాణ్ని.

పైన అంటే ఎక్కడ? మేడ పైన నా గదిలో, నా బుర్రలో. అసలు ఫైలంటూ రాస్తే కదా. నేనప్పుడు గ్రూప్ వన్‌కి చదువుతున్నాను, దేశాన్ని నడపడం నేర్చుకుంటున్నాను. మధ్యలో డ్రైను పలకేమిటండీ?

ఇలా ఐదు నెలలు గడిచాక టీచరు గారు ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, మెట్ల కింద నిలబడి పిలిచారు.

"బాబూ, ఈ దేశంలో అందరికంటే ఎక్కువ అధికారం ఎవరికుంటుంది?"

సరిగ్గా ముందురోజే చదివాను. నోరు ఊరుకుంటుందా? "ఆర్టికల్ యాభై మూడండీ. కేంద్ర కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతి గారిదే. సైన్యం ఆయన కిందే, మంత్రులు ఆయన కిందే, ఆర్డరు ఏదైనా ఆయన పేరు మీదే."

"అయితే ఆయనకే రాద్దాం. నాకు చేయి వణుకుతోంది, నువ్వే రాసిపెట్టు."

నేను రాశాను. మామూలుగానా? రెండు పేజీలు. డ్రైనుని "మృత్యుకుహరం" అన్నాను. ఆవిణ్ని "జాతిని తీర్చిదిద్దిన వృద్ధ ఉపాధ్యాయురాలు" అన్నాను. చివర ఊపు చాల్లేదనిపించి, "స్థానిక సిబ్బంది కుంభకర్ణ నిద్రలో మునిగి ఉన్నారు, వారిపై కఠిన చర్య తీసుకోవలసినదిగా ప్రార్థన" అని తగిలించాను. ఆ స్థానిక సిబ్బంది నేనేనన్న ఆలోచన నాకు రాలేదంటే నమ్మండి. నా కళ్ల ముందు గుర్రాల మీద అంగరక్షకులు, ఎర్ర తివాచీ తప్ప వేరే ఏం లేవు. టీచరు గారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "భాష బాగుంది," అని సంతకం పెట్టారు.

కొన్నాళ్లకు మొదటి జవాబు వచ్చింది. అర్జీ అందినదనీ, తగు చర్య నిమిత్తం సంబంధిత మంత్రిత్వ శాఖకు పంపడమైనదనీ. నేను ఎగిరి గంతేశాను.

"మంత్రిత్వ శాఖంటే ఏమనుకుంటున్నారు టీచరు గారూ? పైన కేబినెట్ మంత్రి, ఆయనకి తోడు సహాయ మంత్రి, వాళ్ల కింద సెక్రటరీ, ఆయన కింద జాయింట్ సెక్రటరీ, తర్వాత డైరెక్టరు, అండర్ సెక్రటరీ, సెక్షన్ ఆఫీసరు. ఇంతమంది మన పలక గురించి ఆలోచిస్తున్నారు."

"ఆలోచించనీ బాబూ. ఈలోగా చెక్క ఒక పక్క పుచ్చింది, చూసి నడువు," అని ఆవిడ ఆ కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టుకున్నారు.

రెండోది అండర్ సెక్రటరీ గారి నుంచి. డ్రైన్ల విషయం రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనిది గనుక రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి పంపుతున్నామని. మూడోది అమరావతి నుంచి, మున్సిపల్ కమిషనర్‌కి పంపుతున్నామని. ప్రతి ఉత్తరానికీ నేను ఆ హోదా ఎంతటిదో ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. ఆవిడ మజ్జిగ ఇచ్చి మరీ వినేవారు. మూడో ఉత్తరం అయ్యాక మాత్రం మెల్లగా అడిగారు.

"బాబూ, ఇది కిందికి దిగుతున్నట్టుంది కదూ?"

"దిగాలి కదండీ. పైన నిర్ణయం, కింద అమలు. ప్రభుత్వమంటే అదే."

"అట్టాగా. మరి అట్టడుగున ఎవరుంటారు?"

"ఎవరో ఒకరు ఉంటారు లెండి," అన్నాను, మజ్జిగ గ్లాసు కింద పెడుతూ.

ఆ ఎవరో ఒకరికి పది రోజుల తర్వాత ఫోనొచ్చింది. చేసింది మా ఏఈ గారు, అంటే నా పై ఇంజనీరు.

"ఏమయ్యా ప్రసాదూ, మీ వార్డులో ఎవరో పెద్దావిడ ఏకంగా రాష్ట్రపతికే రాసిందంటయ్యా. కమిషనర్ గారు నన్ను నిలబెట్టి కడిగేశారు. ఎవరయ్యా ఆ కుంభకర్ణుడు?"

"అదీ... ఆ వీధి నా కిందకే వస్తదండీ."

"అంటే నువ్వేనా? శుభం. నీ ప్రొబేషన్ ఫైలు పక్కన పెట్టేశారు. మూడ్రోజుల్లో పలక పడాలి, విచారణ చేసి రిపోర్టు రావాలి, సంతృప్తి చెందానని ఆవిడ సంతకం కావాలి. లేదంటే నీ ఉద్యోగానికి నేను పూచీ కాదు."

"విచారణ ఎవరు చేయాలండీ?"

"ఆ వార్డు ఎమినిటీస్ కార్యదర్శి. కాగితం మీద అట్టాగే రాసుంది. అవునూ, ఈ చేతిరాత ఎక్కడో చూసినట్టుందయ్యా."

సాయంత్రానికి ఆ అర్జీ నా బల్ల మీదికొచ్చింది. వంటినిండా ముద్రలు, పక్కలనిండా సంతకాలు. దేశంలో ఇన్ని మెట్లున్నాయని పుస్తకంలో చదివాను గానీ, అన్నీ దిగి నా దగ్గరికొచ్చిన కాగితాన్ని చేత్తో పట్టుకుంటే ఏడుపొచ్చింది. లోపల నా అక్షరాలే నన్ను చూసి నవ్వుతున్నాయి. మృత్యుకుహరమట. ఎవడు రాయమన్నాడండీ?

మర్నాడు పొద్దున్నే ఏఈ గారు ఒక మేస్త్రీని పంపారు.

"పలక ఉందాండీ?" అన్నాడతను.

"ఎక్కణ్నుంచొస్తది? స్టోరుకి ఇండెంటు పెట్టాలి, వాళ్లు పైకి రాయాలి, పైనుంచి మంజూరు రావాలి." మూడు రోజుల్లో ఇండెంటు మీద సీలు కూడా ఆరదు.

మేస్త్రీ ఆఫీసు వెనక్కి ఒకసారి తొంగి చూశాడు. "మరి మీ బండి కిందున్నదేంటండీ?"

చూశాను. ఎప్పుడో పాత పనిలో మిగిలిన సిమెంటు పలక, నిక్షేపంగా ఉంది. వర్షాకాలం బురదలో స్టాండు దిగబడుతోందని ఇన్ని నెలలుగా రోజూ నా బైకు దాని మీదే పెడుతున్నాను. టీచరు గారి గేటు ముందు పలక లేక బైకు ఇక్కడ పెట్టుకున్నాను, పెట్టుకున్నది ఆ పలక మీదే. ఇంతకంటే నన్ను నేను తిట్టుకోలేను, మిగిలింది మీరు తిట్టుకోండి.

ముప్పావుగంటలో పలక పడింది. దేశ రాజధాని దాకా వెళ్లొచ్చిన పని, రెండు వీధులు రిక్షా బండి మీద తోస్తే అయిపోయింది. అప్పటికప్పుడు కూర్చుని రిపోర్టు రాశాను: "క్షేత్రస్థాయి విచారణలో సిబ్బంది నిర్లక్ష్యం వాస్తవమేనని తేలింది. విచారణాధికారి సదరు సిబ్బందిని తీవ్రంగా మందలించారు. సదరు సిబ్బంది సిగ్గుపడ్డారు." ఇక ఒక్క సంతకం మిగిలింది.

టీచరు గారు కుర్చీ గేటు దగ్గరికి తెప్పించుకుని కూర్చున్నారు. నన్ను కొత్త పలక మీద నిలబెట్టారు. పెన్ను మూత తీసి ఆగారు.

"ఆర్టికల్ యాభై మూడు చెప్పు."

"కేంద్ర కార్యనిర్వాహక అధికారం రాష్ట్రపతికి దఖలు పడి ఉంటుంది..."

"ఆగావేం? వాక్యం అయిపోలేదుగా."

"దాన్ని ఆయన స్వయంగా గానీ... తన కింది అధికారుల ద్వారా గానీ..."

"ఆ. డెబ్బై నాలుగు?"

"ప్రధానమంత్రి నాయకత్వంలోని మంత్రిమండలి సలహా మేరకు ఆయన నడుచుకోవాలండీ."

"మరి డ్రైన్లు ఎవరి కిందికొస్తాయి?"

"రాష్ట్రం కిందికండీ. అక్కణ్నుంచి మున్సిపాలిటీ. అక్కణ్నుంచి..." కింద నా చెప్పుల వైపు చూశాను. "నేనండీ."

ఆవిడ నవ్వలేదు. అదే భయం వేసింది. "ముప్పై రెండేళ్లు ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పాను బాబూ. బ్యారేజీ నుంచి వదిలిన నీళ్లు ఎన్ని లాకులు దాటినా చివరికి శివారు చేనుకే రావాలి. ఉత్తరం రాయించిన రోజే నాకు తెలుసు ఇది ఎవరి దగ్గరికొస్తదో. మెట్ల కింద నిలబడి ఐదు నెలలు అడిగితే వినపళ్లేదు నీకు. పద్నాలుగు మెట్లే. అందుకని ఢిల్లీ మీదుగా అడిగాను."

సంతకం పెట్టారు. పెట్టి, ఆ పలక మీద మెల్లగా అడుగేసి, గేటు పట్టుకోకుండా అవతలికి నడిచారు. నాకప్పుడు నిజంగా సిగ్గేసింది, రిపోర్టులో రాసినదానికంటే చాలా ఎక్కువ.

ఉద్యోగం ఖాయమైంది. గ్రూప్ వన్ పోయింది, పాలిటీలోనే తక్కువొచ్చాయి. ఆనాడే ఆ పలక మీద నిలబడి, రాజ్యాంగం సాక్షిగా, మోకాళ్ల నొప్పుల సాక్షిగా ఒక ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఈ దేశంలో ఏ అధికారికి ఏ అర్జీ రాయాల్సి వచ్చినా, ముందు నా బైకు పక్కకి తీసి కింద ఏముందో చూసుకుంటాను.