మూడు పాయింట్ల గీత

మా కాలేజీ బాస్కెట్‌బాల్ పిల్లలకు రావలసిన మూడు పాయింట్లను రెండుగా రాశారు. ఫైనల్ ఒక్క పాయింటు తేడాతో పోయింది. ఇది అన్యాయం. నాలుగేళ్లుగా ఈ మాట అంటూనే ఉన్నాను. అడిగినవాళ్లకూ చెప్పాను, అడగనివాళ్లను ఆపి మరీ చెప్పాను. కాగితం మీద పెట్టవలసిన అవసరం మాత్రం ఈ నెలలోనే వచ్చింది. ఆ ఆట జరిగిన హాల్లో నేల మీది గీతలు అరిగిపోయాయి, మళ్లీ వేయమని కాలేజీ వాళ్లు నాకే చెప్పారు. టేపు పట్టుకుని ఆ బుట్ట కింద మోకాళ్ల మీద కూర్చున్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఎందుకో తెలియాలంటే మొదటి నుంచి చెప్పాలి, నాకు మధ్యలోంచి చెప్పడం చేతకాదు.

మాది జగిత్యాల దగ్గర. మూడో తరగతిలో బడి ఆగింది. మిగతా చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు సిమెంటు బస్తాల మీద, అరబీ అంకెలు బండ్ల నంబరు పలకల మీద, హిందీ రూమ్‌లో. తాపీ మేస్త్రీగా ఒమన్ దేశంలోని సలాలాలో దిగి, అక్కడి వానల్లో రెండేళ్లు ప్లాస్టరింగు ఆరక తిట్లు తిని, తర్వాత సూర్‌కు వచ్చాను. ఈ ఊళ్లో అమ్మాయిల కాలేజీ కట్టిన కంపెనీలో నేనూ ఒకణ్ణి. పని పూర్తయ్యాక కంపెనీ వెళ్లిపోయింది, నన్ను మాత్రం కాలేజీ వాళ్లు మెయింటెనెన్స్‌కు ఉంచుకున్నారు. నల్లా కారినా నేనే, తలుపు బిగుసుకున్నా నేనే. అన్నిటికంటే చివర కట్టింది ఆటల హాలు. దాని నేల పోసింది నేను, నున్నగా చేసింది నేను, రంగు వేసి గీతలు గీసింది నేను. ఆ నేల గురించి నా ముందు ఇంకొకరు మాట్లాడితే నాకు నచ్చదు.

బాస్కెట్‌బాల్ మీద నాకు మొదట్లో గౌరవం లేదు. బంతిని బుట్టలో వేయడమేమిటి, ఆ బుట్టకు అడుగు లేక బంతి కింద పడితే అందరూ చప్పట్లు కొట్టడమేమిటి. అడుగు కుట్టించుకోవచ్చు కదా అనిపించేది. పైగా ప్రాక్టీసు అయ్యేదాకా హాలు తాళం నా దగ్గరే ఉండాలి. అందరూ వెళ్లిపోయినా ఒక పిల్ల పోయేది కాదు. సమాయిల్ అనే ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది, రెండో ఏడుకే కెప్టెన్ అయింది. తలకు నల్ల స్కార్ఫు, మోచేతుల దాకా చొక్కా చేతులు, మడమ దగ్గర ఎప్పుడూ ఒక పట్టీ. సముద్రపు గాలికి తలుపు సందుల్లోంచి ఇసుక కొట్టుకొచ్చి నేలంతా జారుడుగా ఉండేది. ఆ పిల్ల ముందు నన్ను పిలిచి, "చాచా, జాడూ!" అనేది. హిందీ ఆమెకు సినిమాల నుంచి వచ్చింది, అందుకే మామూలు మాట కూడా హీరోయిన్ అన్నట్టు అనేది. నేను ఊడ్చి తుడిచాక బుట్ట ముందు గుండ్రంగా ఉండే పెద్ద గీత వెనక నిలబడి వంద బంతులు వేసేది. దాని వెనక నుంచి వేస్తే మూడు పాయింట్లు, కాలు గీతను తాకితే రెండే. వందా పూర్తయ్యేదాకా నా భోజనం చల్లారేది. విసుగుతో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎన్ని పడ్డాయో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, ఎప్పుడైనా తేడా వస్తే తన లెక్క తప్పని ఆమె ఒప్పుకునేది కాదు, నాది తప్పని నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ విసుగు ఏ రోజున ఇంకో రకంగా మారిందో చెప్పలేను. ఒక రోజు ఆమె జ్వరంతో రాకపోతే హాలు తాళం వేసి, నా అన్నం వేడిగా తింటూ, ఏదో పోగొట్టుకున్నవాడిలా కూర్చున్నాను.

నాకు తోడు మా భాయ్. కడప మనిషి, కాలేజీ బస్సు డ్రైవరు, ఇరవై ఏళ్లుగా ఇక్కడే తోలుతూ అరబీ నీళ్లలా మాట్లాడతాడు. బయటి ఊళ్లలో ఆటలకు టీముని తీసుకుపోయేది ఆయనే కాబట్టి రూమ్‌కు వార్తలు తెచ్చేదీ ఆయనే. మా రూమ్‌లో ఎనిమిది మందిమి. మేమిద్దరం తప్ప మిగతా ఆరుగురూ ఆ పిల్లల ఆట ఒక్కసారి కూడా చూడలేదు, చూసే వీలూ లేదు. అయినా నంబర్లతో సహా అందరూ తెలుసు. గెలిచిన రోజు కోడికూర. ఓడిన రోజు కూడా కోడికూరే, కాకపోతే వండుతున్నంత సేపూ తిట్లు. సిరిసిల్ల నుంచి వచ్చిన టైల్స్ తమ్ముడొకడు భాయ్ బస్సు దిగకముందే ఎదురెళ్లి అడిగేవాడు. "భాయ్, మా తొమ్మిదో నంబరు ఇయ్యాలన్న బాల్ ఇడిసిందా, ఎప్పటిలెక్క పట్టుకొనే ఉరికిందా?" వాడు ఆ తొమ్మిదో నంబరు పిల్లను ఈ రోజుకీ చూడలేదు.

ఆ ఏడాది కాలేజీల పోటీల్లో మావాళ్లు ఒక్కొక్క టీమునూ దాటుకుంటూ ఫైనల్‌కు వచ్చారు. ఫైనల్ మా హాల్లోనే పెట్టారు. మెట్ల మీద తల్లులు, అక్కచెల్లెళ్లు, టీచర్లు. ఫ్లాస్కుల్లో ఖహ్వా కాఫీ, డబ్బాల్లో హల్వా, నాలుక ఆడిస్తూ వాళ్లు పెట్టే ఆ సంబరపు కేకకు రేకుల పైకప్పు అదిరేది. మగవాళ్లు బాగా తక్కువ. భాయ్ నీళ్ల పెట్టెలు మోస్తూ లోపల ఉండిపోయాడు. నేను తుడుపుకర్రతో బుట్ట కింద స్టూలు మీద కూర్చున్నాను. చెమట చుక్క పడితే పరుగెత్తి తుడిచి వెనక్కి రావాలి, అదీ డ్యూటీ. ఆ రోజు అంత దగ్గరి నుంచి చూసినవాడు నా తర్వాతే ఎవరైనా.

ఆఖరి నిమిషాలు. మావాళ్లు వెనకబడి ఉన్నారు. బంతి చేతులు మారి మారి కెప్టెన్ దగ్గరకు వచ్చింది. ఆమె ఎప్పుడూ వేసే చోటే, గీత వెనక, ఎడమ పక్క. ఎగిరింది, వేసింది. బంతి ఇనుప చుట్టును తాకకుండా దిగిన చప్పుడు నాకు తెలుసు, గుడ్డ చింపినట్టు ఉంటుంది. నేను స్టూలు మీంచి లేచి తుడుపుకర్ర పైకెత్తాను. రిఫరీ రెండు వేళ్లు చూపించింది. మూడు కాదు, రెండు. బూటు కొస గీత మీద ఉందంది. తర్వాత ఎవరికీ బంతి పడలేదు. ఒక్క పాయింటుతో పోయింది. ఆ మూడు ఇచ్చి ఉంటే సమం అయ్యేది, ఇంకో ఐదు నిమిషాలు ఆడించేవాళ్లు. ఆ ఐదు నిమిషాల్లో మావాళ్లే గెలిచేవాళ్లు, అందులో నాకు ఏ అనుమానమూ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అందరూ వెళ్లాక ఆ పిల్ల గీత దగ్గర కూర్చుని నేలను వేలితో రుద్దుతోంది. తల్లుల్లో ఒకావిడ పోతూ పోతూ, బొటనవేలు వెడల్పుకు కప్పు పోయిందని గట్టిగానే అంది, భాయ్ నాకు తర్వాత చెప్పాడు. నేను దగ్గరికి పోయి రిఫరీకి కళ్లు లేవన్నాను. ఆమె తల ఊపలేదు. "గల్తీ మేరీ హై, చాచా," అంది, తప్పు తనదేనని. ఈసారి సినిమాలోలా అనలేదు. అది ఆమెకు ఆఖరి ఏడాది. తర్వాత పరీక్షలు, తర్వాత ఇల్లు. మళ్లీ ఆ హాల్లోకి రాలేదు. నేను తాళం తొందరగా వేసుకుని అన్నం వేడిగా తినడం మొదలైంది.

రూమ్‌లో ఆ ఓటమి మీద ఎన్ని విచారణలు జరిగాయో చెప్పలేను. తొమ్మిదో నంబరు బాల్ ముందే వదిలి ఉంటే అని ఒకరు, మూడో నంబరు ఎత్తు చాలదని ఒకరు. నాది ఒకటే మాట, కాలు బయటే ఉంది. పోటీల కమిటీకి నా ఇంగ్లీషులో ఒక ఉత్తరం కూడా రాశాను. జవాబు రాలేదు. అసలు గొడవ భాయ్ ఫోనులోని ఫొటోతో వచ్చింది. మెట్ల మీది టీచరు ఒకామె తీసి పంపిన ఫొటో అది, కెప్టెన్ ఎగరబోయే ముందు క్షణం. బూటు కొస గీత మీద గోరంత ఎక్కినట్టే కనిపిస్తుంది. అది నీడ అన్నాను.

"నీడంటివి గదా మేస్త్రీ," అన్నాడు భాయ్ ఫొటో పెద్దది చేసి. "నీడకు బూటు తొడిగినారా? లేసు గూడా కట్టినారే!"

"నువ్వు బస్సు నడిపెటోనివి, అద్దంల చూసుడే నీకు అలవాటు. నేను ముందట కూసున్న భాయ్. కాలు బయటనే ఉండె."

నాలుగేళ్లు ఇదే. పెళ్లిళ్లయ్యాయి, కొందరు ఇంటికి పోయారు, కొత్తవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లకు మొదటి వారంలోనే ఆ ఫొటో చూపించి నీడా బూటా అని అడిగేవాళ్లం.

ఇప్పుడు గీతల సంగతి. కొత్త కోచ్ మేడం నాకు ఒక డ్రాయింగు ఇచ్చింది. మొదటిసారి గీసినప్పుడు నాకు డ్రాయింగు లేదు, సైట్ ఇంజనీరు ఫోనులో అంకె చెప్పాడు, ఆరు మీటర్ల డెబ్బై ఐదు సెంటీమీటర్లు, అంతే. నేను బుట్ట నడిమి నుంచి తూకం గుండు వేలాడదీసి, అది నేలను తాకిన చోట మేకు కొట్టి, ఆ మేకుకు దారం కట్టి, సుద్దతో గుండ్రంగా తిప్పాను. ఆ సుద్ద గీతకు రెండు పక్కలా టేపు అంటించి ఐదు సెంటీమీటర్ల వెడల్పున రంగు వేశాను. ఏ మేస్త్రీ అయినా అలాగే చేస్తాడు. ఇల్లు కట్టేటప్పుడు పిల్లరుకు పిల్లరు కొలత నడిమి నుంచి నడిమికే, గోడకు గోడ కొలత నడిమి నుంచి నడిమికే. ముప్పై ఏళ్ల చెయ్యి అది, వేరే రకంగా పోదు.

ఈసారి కూడా టేపు పట్టాను. అంకె సరిగ్గా పాత గీత నడుమ పడింది. తృప్తిగా మేడంను పిలిచి చూపించాను. ఆమె డ్రాయింగు మీద బాణం గుర్తును వేలితో తట్టింది. "చాచా, కొలత గీత బయటి అంచుకు. నడిమికి కాదు." కాగితం తప్పన్నాను. ఆమె రూలు పుస్తకం తెచ్చి బొమ్మ చూపించింది. పుస్తకం కూడా తప్పని అనబోయి ఆగాను. పాత గీతలో బయటి సగం, అంటే రెండున్నర సెంటీమీటర్లు, ఉండకూడని చోట ఉంది. ఆ పిల్ల బూటు ఎక్కింది గోరంత. ఆ గోరంత ఎక్కింది ఆ ఉండకూడని సగం మీదనే.

అన్యాయం జరిగిన మాట నిజం. చేసింది నేను. రిఫరీ గీతను చూసి చెప్పింది, ఆమె తప్పేమీ లేదు. ఆమెకు నాలుగేళ్లుగా పెట్టిన పేర్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, తీసుకుని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియడం లేదు.

భాయ్‌కు చెబితే మళ్లీ ఆ ఫొటో తెరిచి చూశాడు. "అయితే నీడ కాదన్నమాట," అన్నాడు ముందు. ఆ మాట అనకపోతే ఆయన భాయే కాదు. తర్వాత గొంతు తగ్గించి, "యెవురికి తెలుసు మేస్త్రీ? కొత్త గీత ఏసెయ్, పాతది రంగు కింద కనపడకుండా పోతాది. నీకు అరవై దాటె, ఈ ఏడు వీసా రెన్యువల్ ఉండాది. నోరు మూసుకో," అన్నాడు.

"పొల్ల నాలుగేండ్ల సంది అది తన తప్పే అనుకుంటున్నది భాయ్. మోయాల్సింది నేను."

"ఆ పాపకు చెప్పి పంపితే ఏమొస్తాది? కప్పు తెచ్చి ఇస్తారా?"

"కప్పు కోసం కాదు."

మేడంకు ఆ రోజే చెప్పేశాను, పాత గీత గీసింది నేనేనని. ఆమె నాకు టీ తెప్పించింది. కెప్టెన్ ఇప్పుడు సమాయిల్లో బడిలో ఆటల టీచరుగా ఉందని, ఫోను నంబరు తన దగ్గర ఉందని కూడా ఆమే చెప్పింది. నేను తెలుగులో నాలుగు పేజీలు రాశాను. భాయ్ చూసి, "ఆ పాప బడికి పోవల్లా, నీ పురాణం వినల్లా?" అని మూడు నిమిషాలకు కుదించి, పాత ఫొటో జతచేసి, అరబీలో వాయిస్ మెసేజి పంపాడు. తూకం గుండు, దారం, నడిమి కొలత, అన్నీ చెప్పించాను. తప్పు నీది కాదు, నాది అన్న మాట రెండుసార్లు చెప్పించాను. ఆమె విన్నట్టు ఫోనులో గుర్తు పడింది. మూడు రోజులు జవాబు లేదు. ఆ మూడు రోజులూ కొత్త గీత రంగు కలుపుకుని కూడా బ్రష్షు ముంచలేదు. నాలుగో రోజు భాయ్ బస్సు మధ్యలో ఆపి మరీ హాల్లోకి వచ్చాడు. ఆమె గొంతు వినిపిస్తూ, ఒక్కో మాట ఆపి తెలుగులో చెబుతుంటే, నేను రాసుకున్నాను. ఇది ఆమె జవాబు.

"చాచా, మెసేజి మూడుసార్లు విన్నాను, తర్వాత మా అమ్మకు వినిపించాను. ఆమె ఏడ్చింది, నేను నవ్వాను. నాలుగేళ్లు ఆ గీత వెనక నుంచే వేశాను, అది దూరంగా ఉందని మాకెవరికీ తెలియదు, అందుకే బయటి హాళ్లలో మాకు అన్నీ దగ్గరగా అనిపించేవి. అన్ని ఆటలు గెలిపించిన గీతను ఒక్క ఆటకు తిట్టను. ఆ రోజు నేను తొందరపడ్డాను, గీత ఎక్కడున్నా చూసుకోవలసింది నేనే. నా కోపం పోయి చాలా కాలమైంది చాచా, అది నీ దగ్గర ఉండిపోయిందని నాకు తెలియదు. వచ్చే నెల మా బడిలో కోర్టు గీయాలి. ఆ నెల మొదటి శుక్రవారం భాయ్‌తో కలిసి రా, నువ్వే గీయాలి. కొలిచేటప్పుడు మాత్రం పక్కన నేను నిలబడతాను."