కొక్కేలకు కాపలా

నా చెయ్యి చీల్చిన మనిషి పోయిన శుక్రవారం పొద్దున ఆదోనిలో చనిపోయాడు. కబురు తెచ్చిన హమాలీ మొదటి బస్సుకే ఎమ్మిగనూరు వచ్చి, నా సైకిల్ షాపు ముందు నిలబడి, "మేస్త్రీ పోయినాడన్నా" అన్నాడు. పంక్చరు చూస్తున్న ట్యూబును నీళ్ళ తొట్టిలోనే వదిలేసి లోపలికి పోయాను. గోడకు తగిలించి ఉన్న ఇనుప కొక్కేన్ని తీసి సంచిలో వేసుకుని షాపు మూశాను.

ఆ కొక్కెం ఆయనది. నా కుడి చేతి వెనక మణికట్టు నుంచి వేళ్ళ దాకా ఉన్న మచ్చ కూడా దానిదే. మనిషి పోయాక మంచే చెప్పుకోవాలంటారు. ఆయన గురించి అట్లా చెబితే ఆయనే లేచి వచ్చి నా చెంప పగలగొడతాడు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆయన ఆదోని పత్తి మార్కెట్‌లో హమాలీల మేస్త్రీ. నేను ఒక పత్తి మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు గోలీని. మాది ఆలూరు దగ్గర వాన చూడని పల్లె. బంతి బాగా పడతానని ఎవరో చెబితే మిల్లు పాత యజమాని పిలిపించి ఉద్యోగం ఇచ్చాడు. హాజరు మస్టర్‌లో మా జట్టు మొత్తాన్నీ కార్మికులనే రాసేవారు గానీ మా పని ఆటే. జీతం ఆటకే. ఆ జీతం మీదే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. డెబ్బైల్లో బళ్ళారి వాళ్ళనూ గుంతకల్లు వాళ్ళనూ కూడా ఓడించి పంపిన జట్టు మాది.

ఆదివారం సాయంత్రం ఆట ఉంటే హమాలీలు మార్కెట్ నుంచి నేరుగా మైదానానికి వచ్చేవాళ్ళు. వాళ్ళ భుజాన కొక్కేలుండేవి. పత్తి బేలును పొడిచి వీపు మీదికి లాక్కునే కొక్కెం, జానెడు పొడుగు, కొన సూదిలా ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆట చూడటానికి మేస్త్రీ ఒప్పుకునేవాడు కాదు. గేటు దగ్గర రెండు రాతి కంబాల మధ్య తాడు కట్టేవాడు. వచ్చినవాడల్లా కొక్కేన్ని ఆ తాడుకు తగిలించి లోపలికి పోవాలి. హిందువైనా, ముస్లిమైనా, సొంత తమ్ముడైనా సరే. ఎవరి పిడి వాళ్ళకు తెలుసు కాబట్టి గుర్తులు పెట్టే పని లేదు. తాడుకు వీపు ఆనించి, మైదానం వైపు ముఖం పెట్టి ఆట అయ్యేదాకా ఆయన నిలబడే ఉండేవాడు. అయిపోయాక కూడా అర్ధగంట దాకా ఒక్క కొక్కేన్నీ ఇచ్చేవాడు కాదు.

"ఆట అయినాక అర్ధగంట మనిషిని నమ్మగూడదబ్బీ" అన్నాడు నాతో ఒకసారి. "ఆ అర్ధగంట నన్ను నేనే నమ్మను."

అట్లాగని ఆయన సాధువేమీ కాదు. చెయ్యి మాట కంటే ముందు లేచేది. ఓడినందుకు ఎవడన్నా ఆటగాడి తల్లిని తిడితే జనంలోంచి వాడి మెడ పట్టి లాక్కొచ్చి వాయించేవాడు. ఎమ్మిగనూరులో మేము గెలిచిన రోజు అక్కడివాళ్ళు మా లారీ మీద రాళ్ళ వాన కురిపించారు. ఒక రాయి మేస్త్రీ నుదుట తగిలి నెత్తురు కళ్ళలోకి కారింది. తువ్వాలు తలకు చుట్టుకుని, దిగి కొట్టుకుందామన్న తన మనుషులను లారీలోనే తన్ని కూర్చోబెట్టాడు. మరుసటి ఆదివారం కట్టుతోనే వచ్చి తాడు కట్టాడు. నన్ను చూసి, గోలీ అన్నవాడు దెబ్బ తగిలిన చోటు తడుముకోకూడదని పాఠం చెప్పాడు. నా తిండి సంగతి కూడా ఆయనకే పట్టేది. ఆట ఉన్న పొద్దున జొన్నరొట్టె, గుడ్డు ఎవరితోనైనా నా గదికి పంపేవాడు. తిననని చెబితే దానికీ ఒక చెంపదెబ్బ ఉండేది.

పాత యజమాని పోయాడు. ఆయన అల్లుడు మేనేజరై కూర్చున్నాడు. ఆ పెద్దమనిషికి బంతి గుండ్రంగా ఉంటుందన్న సంగతి తెలుసో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. రావడంతోనే ముందు వరసలో ఆడే ఇద్దరినీ బళ్ళారి వాళ్ళకు వదిలేశాడు. మాకు ఆట నేర్పిన ముసలాయనను ఇంటికి పంపి, ఆ చోట తన గుమాస్తాను పెట్టాడు. వాడు గొడుగు కింద కూర్చుని శనక్కాయలు తినేవాడు. రెండో గోలీ అనవసరమని తీసేశాడు. ఊరికే జీతం ఎందుకివ్వాలని మమ్మల్ని పత్తిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సు దగ్గర షిఫ్టులకు వేశాడు. పొద్దంతా బేళ్ళు కట్టి, తల నిండా దూదితో, చిరిగిన బూట్లతో మైదానానికి పోయేవాళ్ళం. ఆ ఏడాది మమ్మల్ని ఓడించని జట్టంటూ మిగల్లేదు.

మేము ఓడితే జీతగాళ్ళం ఓడినట్టే. హమాలీలకు మాత్రం ఇంట్లో వాళ్ళు ఓడినట్టుండేది. వారమంతా వీపు మీద ఊరి పత్తి మోసేవాళ్ళు వాళ్ళు. ఆదివారం తల ఎత్తడానికి ఉన్నది ఆ జట్టొక్కటే. మేస్త్రీ ఇరవై మందిని వెంటబెట్టుకుని మిల్లుకు పోయాడు. అల్లుడు వాళ్ళను మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి, బయటికొచ్చి, బంతి సంగతి మీకెందుకు, బస్తాలు మోసుకోండి అన్నాడట. ఆ మాట సాయంత్రానికి మార్కెట్ అంతా పాకింది. ఆ వారంలోనే మిల్లు జీపు అద్దాలు పగిలాయి. మైదానంలో షామియానా తగలబడింది. అల్లుడి బొమ్మను గాడిదకు కట్టి ఊరేగించి, దాన్ని కర్రలతో ఎంత కొట్టారంటే గాడిదకూ దెబ్బలు పడ్డాయి. ఇన్ని జరిగినా కొక్కేలు మాత్రం ఆదివారం ఆదివారం తాడుకే వేలాడాయి. అది ఒక్క మేస్త్రీ మాట వల్లే.

ఎమ్మిగనూరు వాళ్ళు మా ఊరికి ఆడటానికి వచ్చిన ఆదివారం పొద్దున మిల్లులో నన్ను ప్రెస్సు మీద వేశారు. ఆట ఉందని చెప్పుకున్నా వినలేదు. బేలుకు ఇనుప పట్టీ బిగిస్తుంటే అది జారి నా కుడి చేతి చివరి రెండు వేళ్ళనూ పట్టుకుంది. ఎముక నలిగిన చప్పుడు నాకే వినపడింది. కాంపౌండరు కట్టు కడుతుంటే అల్లుడు వచ్చాడు. ప్రమాదమని రాస్తే తనిఖీకి వస్తారు, ఆట ఆపితే ఊరు మిల్లు మీదికి వస్తుంది, రెండూ కుదరవన్నాడు. స్టోరు తాళం తీయించి ఒక జత తోలు తొడుగులు తెప్పించాడు. ప్రెస్సు పనివాళ్ళ కోసం కొన్న తొడుగులవి. తనిఖీ వాళ్ళకు చూపించడానికి తప్ప ఏనాడూ బయటికి తీయలేదు. పొద్దున వాటిని చేతికిచ్చి ఉంటే నా వేళ్ళు నాకుండేవి. కట్టు కనపడకుండా వాటిని తొడుక్కుని ఆడమన్నాడు. నోరు విప్పితే ఉద్యోగం ఉండదన్నాడు. నేను విప్పలేదు. ఆ తప్పు నాది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా చుట్టుపక్కల చేతికి తొడుగులు వేసుకునే గోలీ ఒక్క ఎమ్మిగనూరు జట్టులోనే ఉండేవాడు. మా హమాలీలు ఏళ్ళ తరబడి వాణ్ణి గాజులేసుకున్నాడని గేలి చేసేవాళ్ళు. అట్లాంటిది ఆదోని గోలీ నల్ల తోలు తొడుగులతో దిగాడు, అదీ ఎమ్మిగనూరు మీద ఆడే రోజు. మిల్లు స్టోరులో మగ్గిన తొడుగులను మిల్లువాళ్ళే ఎప్పుడూ చూసి ఉండలేదు, హమాలీలకేం తెలుస్తుంది. మొదటి గోలు నా చేతుల్లోంచి జారి పోయింది. రెండోదానికి చెయ్యి ఎత్తలేకపోయాను. అప్పటికే జనంలో మాట పుట్టింది. తొడుగులు ఎమ్మిగనూరు వాళ్ళిచ్చిన బహుమానమని, గోలీ అమ్ముడుపోయాడని. మూడో గోలు పడ్డప్పుడు నేను గేటు వైపు చూశాను. ప్రతి గోలు తర్వాతా అటు చూడటం నాకు అలవాటు, ఆయన పర్లేదన్నట్టు గడ్డం ఊపేవాడు. ఈసారి ఊపలేదు. నాలుగో గోలు పడింది. మేస్త్రీ వెనక్కి తిరిగి తాడు మీద నుంచి తన కొక్కెం తీశాడు.

ఆయన తీశాక ఇంకెవరు ఆగుతారు? తాడు తెగింది. యాభై కొక్కేలు ఒక్కసారి మైదానంలోకి వచ్చాయి. గోలు కంబాలు పీకి కుర్చీల మీద పడేశారు. గుమాస్తాను గొడుగుతోనే కొట్టారు, గొడుగు ఊచ వాడి చెంపలోంచి బయటికొచ్చింది. జీపు చక్రాలు చీల్చి దాన్ని బోర్లించారు. పారిపోతున్న అల్లుడి తొడలో కొక్కెం దిగింది, అతను దాంతోనే పది అడుగులు పరిగెత్తి పడ్డాడు. మా కెప్టెన్ దవడ విరిగింది. నేను కదలలేదు. మేస్త్రీ నా వైపే వస్తున్నాడు. ఆ ముఖాన్ని అంతకు ముందు నేను చూడలేదు. గొడ్డు కొమ్ముల కంటే, పాము కంటే ఆ క్షణం ఆయనంటేనే నాకు భయం వేసింది.

"ఎంతకు అమ్మినావురా?" అని ఒక్క మాట అడిగి కొక్కెంతో వేటు వేశాడు. తల మీదికి వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను. కొన తొడుగులో దిగి, తోలునూ దాని కింది చర్మాన్నీ కలిపి చీల్చింది. ఆయన గుంజాడు. తొడుగు ఊడి వచ్చింది, దాంతోపాటు కట్టూ వచ్చింది. నలిగిపోయిన నా రెండు వేళ్ళు ఆయన ముఖం ముందర వేలాడాయి. అవి కొక్కెం తగిలి నలిగినవి కావని, పొద్దుటి నల్ల నెత్తురు వాటి మీద గడ్డకట్టి ఉందని ఆయనకు ఒక్క చూపులో తెలిసింది. దెబ్బలు చూసి చూసి పండిన కళ్ళవి.

"ఎవురు తొడిగినారు నీకు?" అన్నాడు.

నేను చెప్పేలోపే ఇంకో హమాలీ అరుచుకుంటూ నా మీదికొచ్చాడు. మేస్త్రీ మధ్యలో ముంజేయి పెట్టాడు. సొంత మనిషి కొక్కెం ఆయన చేతిలో ఎముక దాకా దిగింది. రెండో చేత్తో నన్ను నేల మీదికి తోసి, నా మీద పడుకుని, పోలీసులు వచ్చేదాకా ఆ దెబ్బలన్నీ వీపు మీద కాచుకున్నాడు. తర్వాత లాఠీలు కూడా ఆ వీపు మీదే పడ్డాయి. స్టేషన్లో ఆయన చెప్పింది ఒక్కటే: "ముందు కొక్కెం తీసింది నేను, మిగతావాళ్ళు నన్ను చూసి తీసినారు." ఆ మాట మీద ఆయన జైలుకు పోయాడు, చాలామంది ఇళ్ళకు పోయారు.

పోలీసులు కొక్కేలన్నీ పట్టుకుపోయారు. ఆయనది ఊడిన తొడుగులోనే ఇరుక్కుని, నన్ను ఎక్కించిన బండిలో నాతోపాటు ఆసుపత్రికి చేరింది. నా రెండు వేళ్ళు తీసేశారు. జైలు నుంచి వచ్చాక మేస్త్రీ నా గదికి వచ్చాడు. నా చేతిని పట్టుకుని చాలాసేపు చూశాడు. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు. మూట విప్పి ఒక గుడ్డు తీసి నా ముందు పెట్టాడు. కొక్కెం తీసుకోమని ఇచ్చాను. తీసుకోలేదు.

"నీ కాడుండనీ అబ్బీ. నేనడిగినా ఇయ్యొద్దు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన కొక్కెం పట్టలేదు. మేస్త్రీగిరీ వదిలేసి, మామూలు కూలివాడిగా, వట్టి చేతులతో గోళ్ళు విరిగేలా బేళ్ళు మోశాడు.

కానీ ఒకసారి అడిగాడు. జట్టును రద్దు చేసి, మైదానాన్ని బేళ్ళ గోదాముకు తవ్విన రోజది. గోలు కంబాలను రంపంతో కోసి వంటకట్టెలుగా పంచారు. ఆ కట్టె ముక్క ఒకటి పట్టుకుని నా గదికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొక్కెం ఇమ్మన్నాడు. దాంతో ఎక్కడికి పోతాడో అడగక్కర్లేదు, అల్లుడు ఆ పూట గోదాము పునాది దగ్గరే ఉన్నాడు. ఇవ్వనన్నాను. చెంప మీద కొట్టాడు. ఇవ్వనన్నాను. గొంతు పట్టుకుని గోడకు గుద్దాడు, నా తల పగిలింది, పన్ను ఊడింది. నేను కూడా ఊరుకోలేదు, మూడు వేళ్ళ పిడికిలితో ఆయన ముక్కు మీద గుద్దాను. ఇద్దరం నెత్తురు ముఖాలతో కింద కూలబడ్డాం. నేను ఆ కొక్కెం మీదే కూర్చున్నాను. ఎంతసేపు అట్లా ఉన్నామో తెలియదు.

"అర్ధగంట అయిందా?" అన్నాడు చివరికి.

అయింది మామా అన్నాను. లేచి, కుండలో నీళ్ళు తాగి, నాకూ ఒక చెంబు ఇచ్చి వెళ్ళిపోయాడు. తన ప్రాణానికి ఆ పూట ఎవరు అడ్డం కూర్చున్నారో ఆ అల్లుడికి ఇప్పటికీ తెలియదు. నేను కాపాడింది అతన్ని కాదు కూడా.

ఆ ఊర్లో ఇక నాకు పనేముంది? ఎమ్మిగనూరు వచ్చి సైకిల్ షాపు పెట్టుకున్నాను. ఎవరికి అమ్ముడుపోయానన్నారో వాళ్ళ ఊర్లోనే బతుకుతున్నానని ఆయన వచ్చినప్పుడల్లా ఎత్తిపొడిచేవాడు, నవ్వేవాడు. పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ఈ రెండేళ్ళుగా ఆ నవ్వు దగ్గుతోనే ఆగిపోయేది.

శుక్రవారం నేను చేరేసరికి హమాలీలు మార్కెట్ నుంచి నేరుగా వస్తున్నారు. ఆయన ఇంటి ముందు బట్టలారేసే తాడు ఉంది. ఎవరూ చెప్పలేదు. ముందు వచ్చిన ముసలి హమాలీ తన కొక్కేన్ని దానికి తగిలించాడు. వెనక వచ్చినవాళ్ళూ తగిలించారు. ఆయన తాడు కట్టిన రోజులు చూడని కుర్రవాళ్ళు కూడా. నేను సంచిలోంచి ఆయన కొక్కేన్ని తీసి చివరన వేలాడదీశాను. జనాజా లేచింది. అందరూ వెంట పోయారు. నేను తాడుకు వీపు ఆనించి అక్కడే నిలబడ్డాను.

ఖననం చేసి తిరిగొచ్చాక ఒక్కడూ తాడు దగ్గరికి రాలేదు. గోడ నీడన కూర్చున్నారు. అర్ధగంటకు ముసలి హమాలీ లేచి, ఇంక తీసుకోవచ్చా అన్నట్టు నా ముఖం చూశాడు. నేను తల ఊపాను. ఎవరి పిడి వాళ్ళు వెతుక్కుని వెళ్ళిపోయారు. తాడు తేలికై పైకి లేచింది. చివర ఒక్కటి మిగిలి, గాలికి నా వీపును తడుతూ ఉంది. నేను పక్కకు జరగలేదు.