పైపళ్ళు

మా బావమరిది పోయాడని మొన్న పొద్దున పెనుగొలను నుంచి ఫోనొచ్చింది. అతని పద్ధతిలోనే, "నిజమేనా? ఎవరు చూశారు?" అని అడిగాను. అవతల ఏడుపు వినబడ్డాకే నమ్మాను.

నమ్మకం అనేది అతనికి పుట్టుకతో రాలేదండి. ఎడ్ల సంతలో అమ్మేవాడు ఆరుపళ్ళ గిత్త అని వయసు చెబితే సరిపోదు, గిత్త నోరు తెరిచి బొటనవేలితో తడమాల్సిందే. "మనుషులు చెప్పేది నాకెందుకు బావా, నేను పళ్ళనే నమ్ముతా" అనేవాడు.

డెబ్బైల్లో మా అమ్మాయి పుట్టింది. పసిపిల్లలకి మామూలుగా కింది పళ్ళు ముందొస్తాయి. మా పిల్లకి పైవి రెండూ ముందొచ్చాయి. అలా వస్తే మేనమామకి గండమని మా వైపు నమ్మకం. దానికి ఉన్న ఒక్క మేనమామా ఇతనే. అప్పటికింకా పెళ్ళి కూడా కాలేదు.

ఇక మేనకోడలి మొహం చూడటం మానేశాడు. పండక్కి గౌను తెచ్చేవాడు, తిరువూరులో మా ఇంటి గేటు దగ్గరే గొడుగు అడ్డం పెట్టుకుని, అక్క చేతికిచ్చి వెళ్ళిపోయేవాడు. నూనెలో పిల్ల నీడ చూస్తే దోషం పోతుందని ఎవరో చెబితే మా ఆవిడ గిన్నెతో గేటు దాకా వెళ్ళింది.

"ఏ కొట్లోదక్కా ఈ నూనె?"

"మంచి నువ్వులనూనేరా, నీమీదొట్టు."

"నామీదెందుకు, బావ మీద పెట్టుకో. కల్తీ వాసనొస్తోంది. ఇందులో చూస్తే ఉన్న గండం పెద్దదవుద్ది."

"సొంత తమ్ముడు నా బిడ్డని ఎత్తుకోడా?" అని మా ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు.

మధ్యలో ఒక మాట. పాలపళ్ళంత విచిత్రమైనవి ఇంకోటి లేవు. ఇంటిల్లిపాదినీ జాగారం చేయించి వస్తాయా, తీరా అడుగు నుంచి అసలు పళ్ళు తోసుకొస్తుంటే వేళ్ళు కరిగిపోయి ఏ జామకాయలోనో ఊడి పడతాయి. అంతమాత్రపు వాటి మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడిందట!

ఆరో ఏట మా పిల్లకి కింది పళ్ళు ఊడాయి. కబురు పెడితే "కిందివి కాదు, పైవి ఊడనీ" అని తిరుగు కబురు. కింద కొత్తవి మొలిచి, ఆపైన పైవి ఊడాక బస్సు దిగాడు. నా మాట నమ్మితేగా! గొడుగు ముడిచి, "నోరు తెరువమ్మా" అంటూ పైచిగురు తడిమాడు. మా పిల్ల గిత్త కాదు కదా, కింది కొత్త పళ్ళతో కసుక్కున కొరికింది.

అతను వేలు విదిలించుకుని, పంటిగాటు తిప్పి తిప్పి చూసుకుని, "ఈసారి కిందివే ముందొచ్చాయి బావా! ఖాయం" అంటూ పిల్లని భుజానికెత్తుకున్నాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దాచిన పైపళ్ళని పేడముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరింది అతనే. జారి పడతాయేమోనని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

తర్వాత మేనకోడలికి అతను చేయనిది లేదు. జ్ఞానదంతం వచ్చి దవడ వాస్తే బెజవాడ తీసుకెళ్ళిందీ అతనే. ఆ డాక్టరు పళ్ళు కూడా ఇతను తడిమి చూసే ఉంటాడు.

పెంకులు తీసి డాబా వేశాం. అయినా వచ్చినప్పుడల్లా గేటు దగ్గర ఆగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పైకి చూసి గానీ లోపలికొచ్చేవాడు కాదు.

"ఏంటి మామయ్యా, ఇంకానా?" అని మా అమ్మాయి నవ్వేది.

"ఎవరికి తెలుసమ్మా, ఎక్కడున్నాయో."

మొన్న అతన్ని సాగనంపి వచ్చాం. మా అమ్మాయి గేటు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పైకి చూస్తోంది.